మానేసి 19 రోజులు: సాయంత్రం నాలుగయ్యేసరికి మనసు గుంజేస్తోంది

నాలుగింటి చాయ్ (మాదాపూర్), శుక్రవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నా వయసు 34. పదకొండేళ్ళుగా సిగరెట్ అలవాటు, రోజుకు పన్నెండు దాకా. మానేసి ఈరోజుకి 19 రోజులు. మొదటి నాలుగు రోజులు నరకం చూశాను. తలనొప్పి, నిద్ర లేకపోవడం, ఇంట్లో చిన్న మాటకే అరవడం. మా పాప స్కూల్ బ్యాగ్ జిప్ పడటం లేదని బ్యాగునే విసిరేశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ దశ దాటింది. ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది. మెట్రో స్టేషన్ మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాను.

సమస్యల్లా సాయంత్రం నాలుగింటికి. టీమంతా కిందికి దిగి ఆఫీసు వెనక సందులో చాయ్ తాగుతాం. పక్కనే పాన్ డబ్బా. దాని గుంజకి తాడుతో ఒక లైటర్ వేలాడుతూ ఉంటుంది. చాయ్ గ్లాసు చేతిలోకి రాగానే రెండో చెయ్యి దానంతటదే చొక్కా జేబు తడుముతుంది. నిన్న క్లయింట్ కాల్‌లో మాటలు పడి కిందికి దిగాను. ఒకటి కొన్నాను. వేళ్ళ మధ్య పెట్టుకుని ఆ లైటర్ కూడా పట్టుకున్నాను. అంతలో ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, డబ్బా మీదే పెట్టేసి వచ్చేశాను. ఫోన్ రాకపోతే కాల్చేవాణ్ణి, అందులో అనుమానం లేదు.

నికోటిన్ ఒంట్లోంచి ఎప్పుడో పోయిందంటున్నారు కదా, మరి ఈ గుంజుడు ఎక్కడిది? ఎన్నాళ్ళుంటుంది? చాయ్ కూడా మానేయాలా?

---

ఛాతీ డాక్టర్, శుక్రవారం రాత్రి 11:25

నేను ఛాతీ వైద్యంలో పీజీ చేస్తున్నాను. రోజూ ఓపీలో వినే ప్రశ్నే ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మీరన్నది నిజమే. రక్తంలో నికోటిన్ రెండు గంటలకొకసారి సగానికి సగం తగ్గిపోతుంది. రెండు మూడు రోజుల్లో ఒంట్లో దాదాపు ఏమీ మిగలదు. తలనొప్పి, చిరాకు, నిద్రలేమి కూడా ఆ రోజుల్లోనే బాగా ముదిరి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి.

మిగిలేది నేర్చుకున్న అలవాటు. ఒక దమ్ము పీల్చాక నికోటిన్ మెదడుకి చేరడానికి పది, ఇరవై సెకన్లు చాలు. సూదిమందు కూడా అంత త్వరగా పనిచేయదు. ఒక్కో సిగరెట్‌కి పది దమ్ములనుకుంటే రోజుకు 120, పదకొండేళ్ళకి 4 లక్షల 80 వేలు దాటుతుంది. అన్నిసార్లు మీ మెదడు "చాయ్ వాసన వచ్చింది, ఇప్పుడు హాయి వస్తుంది" అని పాఠం చదివింది. గంట మోగితే కుక్క నోట్లో నీళ్ళూరడం గురించి స్కూల్లో చదివాం కదా, పావ్‌లోవ్ ప్రయోగం, అదే ఇది. మీ గంట ఆ చాయ్ గ్లాసు.

ఆ యావ ఒక్కసారి వస్తే సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. మీరు కాల్చినా పోతుంది, కాల్చకపోయినా పోతుంది. ఈ మాట చాలామంది నమ్మరు, ఎందుకంటే ఎప్పుడూ కాల్చి పోగొట్టుకున్నవాళ్ళే. ఈసారి వాచీ చూసుకోండి.

చాయ్ గురించి ఒక ముఖ్యమైన విషయం. సిగరెట్ పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ని త్వరగా కరిగించేస్తుంది. పొగ మానేశాక ఆ వేగం తగ్గుతుంది. అంటే పాత లెక్క ప్రకారమే నాలుగు చాయ్‌లు తాగితే ఇప్పుడు కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. గుండె దడ, టెన్షన్, నిద్ర పట్టకపోవడం. అదంతా సిగరెట్ లేకపోవడం వల్లేననుకుని మళ్ళీ అంటిస్తారు. చాయ్ మానక్కర్లేదు, కానీ సగం చేయండి.

---

వనస్థలిపురం వాసి, శనివారం ఉదయం 7:10

తమ్ముడూ, డాక్టర్ గారు చెప్పింది బాగుంది. నేను మూడుసార్లు మానేసి మూడుసార్లు మళ్ళీ మొదలుపెట్టినవాణ్ణి. నాలుగోసారి మానేసి రెండేళ్ళ మూడు నెలలైంది. ఆ అనుభవంతో చెప్తున్నా, ఆ సందులోకి వెళ్ళకు. కనీసం రెండు నెలలు వెళ్ళకు. లైటర్ చేతిలోకి తీసుకున్నాక ఆగడం మనిషి వల్ల అయ్యే పని కాదు. నువ్వు ఆగలేదు, ఫోన్ ఆపింది.

నేను ఇంటికెళ్ళే దారి మార్చుకున్నాను. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర మా అడ్డా ఉండేది. అది తగలకుండా లోపలి కాలనీ దారిలో వెళ్ళేవాణ్ణి, పది నిమిషాలు ఎక్కువ పట్టేది. జేబులో లవంగాలు పెట్టుకునేవాణ్ణి. ఫ్రెండ్స్ మొదట బాధపడ్డారు, తర్వాత వాళ్ళే అర్థం చేసుకున్నారు.

---

స్టీరింగ్ బాబాయ్, శనివారం ఉదయం 9:30

నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయిన. బీడీలు 22 ఏళ్ళు తాగిన, 2009ల మానేసిన. వనస్థలిపురం తమ్ముడి మాట కొట్టిపారేయను గాని, తప్పించుకుని తిరిగే వీలు అందరికీ ఉండదు బిడ్డా. నాకు డిపోనే అడ్డా. డిపోకి పోకుండా డ్యూటీ ఎట్ల చేస్త?

218 నంబర్ బస్సు మీద కోఠి నుంచి పటాన్‌చెరు పోయేది. కోఠిల బండెక్కే ముందు ఒకటి, పటాన్‌చెరుల దిగంగనే ఒకటి. ఇంజన్ బంద్ చేసిన చప్పుడు ఆగంగనే నోరు గుంజేది. అంటే ఆ నిశ్శబ్దమే నాకు బీడీ అన్నట్టు. ఇది నాకు చాన రోజులు అర్థం కాలే. అర్థమయినంక ఒక పని చేసిన. ఇంజన్ బంద్ చేసి సీట్ల నుంచి లేవకపోయేది. ముందుగాల నీళ్ళ బాటిల్ తీసి సగం తాగేది. తర్వాత దిగి బండి చుట్టూ ఒక రౌండ్ కొట్టి, టైర్లన్ని, ఎనక జంట టైర్ల మధ్య రాయి ఇరికిందేమో చూసేది. ఆ రౌండ్ అయ్యేసరికి గుంజుడు సగం దిగేది. జేబుల పుట్నాలు ఉండేటివి, అవి నములుకుంట తోటి డ్రైవర్ల దగ్గరికే పోయేది. వాళ్ళ నడుమనే నిలబడేది.

ఇంకో మాట. చాయ్ గ్లాసు ఏ చేత్తో పట్టుకుంటవ్? నేను ఎడమ చేత్తో చాయ్, కుడి చేత్తో బీడీ. మానేసినంక గ్లాసు కుడి చేతికి మార్చిన. ఎడమ చేతికి బీడీ పట్టుకునుడు రాదు కదా. చిన్న పనే గాని నాకు మస్తు పనిచేసింది.

---

గోదారిగట్టు (కూకట్‌పల్లి), శనివారం మధ్యాహ్నం 1:05

మా నాన్నగారు చుట్ట కాల్చేవారు. ఒక కార్తీక సోమవారం నాడు మానేస్తానన్నారు, మానేశారు. అంతే. మనసు గట్టిగా ఉంటే చాలండి. ఇన్ని లెక్కలు, ఇన్ని ఉపాయాలు దేనికి?

---

స్టీరింగ్ బాబాయ్, శనివారం మధ్యాహ్నం 2:20

మీ నాయనకు దండం పెడత. కాని ఒక్కరోజుల మానినోళ్ళను చూసి, మానలేనోడు "నా మనసే గట్టిది కాదు" అనుకుంటడు. ఆ సిగ్గుతోనే పోయి ఇంకోటి అంటిస్తడు. నేను పదేళ్ళు అట్లనే అనుకున్న. అందుకే ఉపాయాలు చెప్తున్న.

---

నిశ్శబ్దం, శనివారం రాత్రి 11:50

ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. నాకు 29. అమ్మాయిని. ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటాను. నాకు చాయ్ అడ్డా లేదు, ఫ్రెండ్స్ గుంపు లేదు. ఆడపిల్ల పాన్ డబ్బా ముందు నిలబడితే ఎలా చూస్తారో మీకు తెలుసు. అందుకే ఆరేళ్ళు దొంగచాటుగా, రాత్రి పదకొండు దాటాక టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకు వెనక. రోజుకి మూడో నాలుగో. మానేసి 5 నెలలు.

మొదలుపెట్టినట్టు ఎవరికీ తెలియదు కాబట్టి మానేసినట్టూ ఎవరికీ తెలియదు. ఇరవయ్యో రోజు దాటింది అని చెప్పుకోవడానికి ఒక్కరు లేరు. అన్నిటికంటే అదే కష్టంగా అనిపించింది.

ఒక విషయం నాకు ఆలస్యంగా తెలిసింది. నేను కోరుకుంటున్నది పొగ కాదు. నలుగురుండే గదిలోంచి బయటికొచ్చి, ఎవరూ పిలవని ఐదు నిమిషాలు. సిగరెట్ ఆ ఐదు నిమిషాలకి సాకు మాత్రమే. మానేశాక మొదటి రెండు వారాలు టెర్రస్ ఎక్కడమే మానేశాను. అప్పుడు యావ ఇంకా పెరిగింది, గదిలో ఊపిరాడేది కాదు. తర్వాత ఒకరోజు వట్టి చేతులతో ఎక్కాను. ట్యాంకు వెనకే నిలబడ్డాను. పక్క బిల్డింగ్‌లో ఎవరో కుక్కర్ పెట్టారు, ఐదు విజిల్స్ వచ్చేదాకా కదల్లేదు. గొంతులో బిగుసుకున్నట్టుండి, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. విజిల్స్ అయిపోయేసరికి అదీ పోయింది. ఇప్పటికీ రోజూ వెళ్తున్నాను. ఐదు నిమిషాలు నావి.

అన్నయ్యా, నాలుగింటికి మీకు కావాల్సింది ఏమిటో ఒకసారి చూసుకోండి. క్లయింట్ మాటలు పడ్డాక ఆ ఫ్లోర్ నుంచి కిందికి దిగడం కావచ్చు.

---

తులసికోట, ఆదివారం ఉదయం 8:00

నిశ్శబ్దం, నువ్వు ఒక్కదానివే ఐదు నెలలు లాక్కొచ్చావంటే గుండె నిండిపోయింది తల్లీ. ఇకనుంచి ఆ రోజుల లెక్క ఇక్కడ చెప్పు, మేమున్నాం.

మావారు మానేసి ఏడాదిన్నర. ఇంట్లోవాళ్ళు చదువుతుంటే ఒక్క మాట: ఆఫీసు నుంచి రాగానే చొక్కా వాసన చూడకండి. నేను చూసేదాన్ని. ఒకరోజు ఆయన ఏమీ కాల్చకుండానే, పక్కవాళ్ళ పొగ తగిలి చొక్కా వాసనొచ్చింది. నేను అనేసిన మాటకి ఆయన మాట్లాడకుండా బయటికెళ్ళి నిజంగానే కాల్చి వచ్చారు. ఆ తప్పు నాది. తర్వాత చొక్కా తీసుకుని నేరుగా బకెట్లో వేసేదాన్ని.

---

మెడికల్ షాపు అన్న, ఆదివారం ఉదయం 10:45

మా షాపులో నికోటిన్ గమ్ (సిగరెట్ మానేవాళ్ళు యావ తగ్గడానికి నమిలేది) కొనేవాళ్ళలో చాలామంది రెండో రోజే వచ్చి "పనిచేయలేదన్నా, ఎక్కిళ్ళు, కడుపులో మంట" అంటారు. ఎలా నమిలారంటే మామూలు బబుల్‌గమ్‌లా ఆపకుండా నమిలామంటారు. అలా కాదు. కారంగా, చురుక్కుమనేదాకా నెమ్మదిగా నమలాలి. చురుక్కుమనగానే ఆపి, చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టేయాలి. ఆ ఘాటు తగ్గాక మళ్ళీ రెండు నములు, మళ్ళీ పెట్టు. అరగంట వస్తుంది. నికోటిన్ బుగ్గలోంచే ఒంట్లోకి వెళ్ళాలి, మింగితే కడుపులో మంటే మిగులుతుంది.

ముఖ్యమైనది: గమ్‌కి పావుగంట ముందు నుంచీ, అది నోట్లో ఉన్నంతసేపూ చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు. నోట్లో పులుపు చేరితే మందు ఎక్కదు. మన హైదరాబాద్‌లో చాయ్‌తో పాటే గమ్ నములుతారు, అక్కడే పోతుంది అంతా. నాలుగింటికి చాయ్ అయితే మూడున్నరకే గమ్ పెట్టుకుని, అది ఉమ్మేశాక చాయ్ తాగండి.

2 మిల్లీగ్రాములది డాక్టర్ చీటీ లేకుండా ఇస్తాం. 4 మిల్లీగ్రాములకి చీటీ కావాలి. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కాల్చేవాళ్ళకి 4 అవసరం పడొచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా వాడకండి. బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టర్ చూసి రాయాల్సినవే. ఇంక వేప్ గురించి అడిగేవాళ్ళకి: ఈ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచే నిషేధం.

---

నాలుగింటి చాయ్, సోమవారం రాత్రి 9:15

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈరోజు 22. బాబాయ్ చెప్పినట్టు గ్లాసు చెయ్యి మార్చాను. నాది కూడా ఎడమ చేతిలో గ్లాసు, కుడి చేతిలో సిగరెట్! ఇన్నేళ్ళలో గమనించనే లేదు. డాక్టర్ గారు చెప్పినట్టు వాచీ చూశాను. 4:07కి మొదలైంది. 4:09కి బాగా పెరిగింది, ఎదురుగా ఫ్రెండ్ కాలుస్తుంటే ఆ నిప్పు తప్ప ఇంకేమీ కనిపించలేదు. 4:12కి ఏదో క్రికెట్ మాటల్లో పడ్డాను. 4:15కి చూసుకుంటే లేదు.

కానీ ఒక ఆలోచన వదలడం లేదు. "22 రోజులు ఉండగలిగావంటే అదుపు నీ చేతిలోనే ఉంది, వారానికి ఒకటి తాగితే ఏమవుతుంది?" అని లోపల ఎవరో అంటున్నారు.

---

వనస్థలిపురం వాసి, సోమవారం రాత్రి 10:05

తమ్ముడూ, ఆ గొంతు నాకు బాగా తెలుసు. రెండోసారి మానేసినప్పుడు ఏడు నెలలు ఉన్నాను. వరంగల్‌లో మా మేనబావ పెళ్ళి. బరాత్‌లో, రాత్రి ఒంటిగంటకి, "ఒక్కటే" అన్నాను. నోటికి చేదుగా తగిలింది, సగంలో పారేశాను. ఆహా, ఇక భయం లేదు అనుకున్నాను. మర్నాడు ఏమీ కాలేదు. మూడో రోజు రెండు. వారానికల్లా పెట్టె కొన్నాను.

తర్వాత ఆలోచిస్తే, ఆ బరాత్‌లో కాల్చిన సగం సిగరెట్ నన్ను ముంచలేదు. మూడో రోజు కాల్చాక "ఎలాగూ పోయింది, ఏడు నెలలూ మట్టిపాలు, ఇంక ఆగి ఏం లాభం" అనుకున్నానే, అదీ ముంచింది. ఒక్కటి కూడా వద్దు అనే చెప్తాను నీకు. ఒకవేళ జారితే మాత్రం ఆ రాత్రే ఇక్కడికొచ్చి రాయి. పెట్టె కొనేదాకా ఆగకు.

---

ఛాతీ డాక్టర్, సోమవారం రాత్రి 11:40

వనస్థలిపురం గారు అన్నదాన్ని వ్యసనాల మీద పనిచేసిన అలన్ మార్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బాగా వివరించారు. తప్పటడుగు వేరు, పూర్తిగా పడిపోవడం వేరు. రెండింటి మధ్య ఉండేది "నేనింతే" అనుకునే ఆ మాటే.

ఆయనే చెప్పిన ఇంకో పద్ధతి ఉంది, అలని దాటడం లాంటిది. యావ వచ్చినప్పుడు దాంతో వాదించొద్దు, తరిమేయాలనీ చూడొద్దు. ఒంట్లో ఎక్కడుందో చూడండి. కొందరికి గొంతులో, కొందరికి ఛాతీలో, కొందరికి వేళ్ళ కొసల్లో. ఎంత పెరిగింది, ఎప్పుడు తగ్గింది, అంతే గమనించండి. సముద్రంలో అల వచ్చినప్పుడు ఎదురు నిలబడితే పడతాం, దాంతో పాటు లేచి దిగితే దాటిపోతుంది. మీరు 4:07 నుంచి 4:15 దాకా చేసింది అదే. నిశ్శబ్దం గారు కుక్కర్ విజిల్స్ వింటూ చేసిందీ అదే.

అడ్డాకి వెళ్ళాలా వద్దా అన్నదాని మీద నా అభిప్రాయం: మొదటి కొన్ని వారాలు తప్పుకోవడమే మంచిది, ఆ విషయంలో వనస్థలిపురం గారిదే సరైన మాట. కానీ చాయ్ తాగి పొగ తాగకుండా వెనక్కి వచ్చిన ప్రతిసారీ మెదడు కొత్త పాఠం నేర్చుకుంటుంది. ఎప్పటికీ వెళ్ళకపోతే ఆ పాఠం నేర్చుకోదు, ఆరు నెలల తర్వాత అనుకోకుండా వెళ్ళినరోజు పాతదే మేలుకుంటుంది. ఒంటరిగా, కోపంగా, ఆకలిగా ఉన్నప్పుడు మాత్రం వెళ్ళకండి. క్లయింట్ కాల్ అయిన వెంటనే అసలే వద్దు.

ఇంకొకటి, "టెన్షన్ తగ్గుతుంది" అని కాలుస్తాం కదా. ఆ టెన్షన్‌లో పెద్ద భాగం ముందు కాల్చిన సిగరెట్ దిగిపోవడం వల్ల వచ్చిందే. మానేసినవాళ్ళలో కొన్ని వారాలు గడిచాక ఆందోళన మునుపటికంటే తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

---

నిశ్శబ్దం, మంగళవారం ఉదయం 6:50

సిగరెట్ పెట్టె మీద ఒక నంబర్ ఉంటుంది, 1800-11-2356. మానేయాలనుకునేవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబర్. ఆరేళ్ళు ఆ పెట్టెలు కొన్నాను, ఒక్కసారీ చదవలేదు. మానేసిన రెండో వారంలో చేశాను. తెలుగులోనే మాట్లాడారు. అమ్మాయివై ఉండి ఎందుకు తాగావని అడగలేదు. ఎప్పుడెప్పుడు అనిపిస్తుంది, అప్పుడు ఎక్కడుంటావు అని అడిగారు. తర్వాత వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి కనుక్కున్నారు. నా లెక్క అడిగిన మొదటి మనిషి ఆవిడే.

అక్కా, ఈరోజు 154.

---

తులసికోట, మంగళవారం ఉదయం 7:05

154! రాసుకున్నాను.

---

నాలుగింటి చాయ్, ఆదివారం రాత్రి 11:30

ఈరోజుకి 35. వారం పైనే రాయలేదు, కారణం ఉంది. గురువారం అర్ధరాత్రి నాన్నకి ఛాతీలో నొప్పి అని నల్గొండ నుంచి అంబులెన్స్‌లో తీసుకొచ్చారు. గుండెపోటు కాదని తెల్లారుజామున చెప్పారు, ఇప్పుడు ఇంటికొచ్చేశారు. కానీ ఆ రాత్రి రెండున్నరకి నేను ఆసుపత్రి గేటు బయట ఒక్కణ్ణే నిలబడి ఉన్నాను. రోడ్డు అవతల ఒక డబ్బా తెరిచి ఉంది. ఒంటరితనం, కోపం, ఆకలి, డాక్టర్ గారు వద్దన్నవన్నీ ఒకేసారి ఉన్నాయి. చాయ్ లేదు, ఆఫీసు లేదు, నాలుగు గంటలు కాదు. అయినా మొదటి వారంలో కూడా అంత గట్టిగా రాలేదు.

రోడ్డు దాటాను. వంద నోటు ఇచ్చాను. అతను "ఏది కావాలి సార్" అన్నాడు. నా నోటికి నా పాత బ్రాండు పేరే వచ్చింది, పైకి అనేశాను కూడా. అతను పెట్టె తీస్తుంటే, నాన్న ఛాతీ మీద వాళ్ళు అంటించిన ఈసీజీ బిళ్ళలు గుర్తొచ్చాయి. నాన్నకి జీవితంలో ఏ అలవాటూ లేదు. "వద్దు అన్నా, నీళ్ళ బాటిల్ ఇవ్వు, ఒక బిస్కెట్ ప్యాకెట్" అన్నాను. అతను ఏమీ అనకుండా పెట్టె లోపల పెట్టేశాడు. గేటు దగ్గర అరుగు మీద కూర్చుని బిస్కెట్లన్నీ తిన్నాను. బాబాయ్ చెప్పిన సగం బాటిల్ కాదు, మొత్తం తాగాను. యావ ఛాతీలో ఉంది నాకు, కుడివైపు, కాలర్ ఎముక కింద. అది దిగిపోయేదాకా అక్కడే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి వాచీ చూడటం గుర్తులేదు.

చాయ్ రోజుకు రెండుకి తగ్గించాను, నిద్ర పడుతోంది. ఆఫీసులో నాలుగింటిది ఇప్పుడు వారంలో రెండు రోజులే వస్తోంది.

వచ్చే శనివారం మా ఫ్రెండ్ పెళ్ళి, శామీర్‌పేట దగ్గర ఫామ్‌హౌస్‌లో. బరాత్ ఉంది. పదకొండేళ్ళ కిందట నాకు మొదటి సిగరెట్ ఇచ్చినవాళ్ళంతా అక్కడుంటారు. వెళ్ళకుండా ఉండలేను. వనస్థలిపురం అన్నా, ఆ రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేస్తే ఎత్తుతావా?

---

వనస్థలిపురం వాసి, ఆదివారం రాత్రి 11:34

ఎత్తుతాను. నంబర్ మెసేజ్‌లో పెట్టాను చూడు. బరాత్ మొదలయ్యే ముందే ఒకసారి చెయ్యి.